నల్లరేగడి నుండి పడమటి కనుమల పాదం దాకా: కోవిల్‌పట్టి, విరుదునగర్ సీమలో సైకిలు దారులు

సరిహద్దు గ్రామాలలో సైకిలు లేని ఇల్లు అరుదు. తమిళనాడు వైపున 11వ తరగతి పిల్లలకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే సైకిలో, ఆంధ్ర వైపున 'బడికొస్తా' పథకం కింద ఉన్నత పాఠశాల బాలికలకు ఇచ్చిన సైకిలో, ఏదో ఒకటి వసారాలో ఉండనే ఉంటుంది. చదువు ముగిసిన మరునాటి నుండి దానిని పట్టించుకునేవారు ఉండరు. గొలుసుకు తుప్పు పడుతుంది, చక్రాలలో గాలి దిగిపోతుంది, చివరకు అది కోళ్ళకు వాలుకొయ్యగా మిగులుతుంది. అదే సైకిలు మీద సెలవులలో ఒక కుటుంబం ఒక కొత్త సీమను చూసి రావచ్చుననే ఆలోచన మనలో చాలా మందికి తోచదు. తోచినా మొదట కలిగే ప్రశ్న, ఎక్కడికి అని.

కన్యాకుమారి యాత్రకు రైలులో వెళ్ళినవారందరూ మదురై దాటిన తరువాత విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి స్టేషన్లను చూసియే ఉంటారు. కిటికీలో నుండి కనిపించేది నల్లటి నేల, సర్కారు తుమ్మ పొదలు, అక్కడక్కడ తాటిచెట్లు, ఒక గాలిమర. ఇక్కడ చూడదగినది ఏమున్నదని అనిపించుట సహజం. రైలు వేగానికి ఈ నేల తన ముఖం చూపదు. సైకిలు వేగానికి చూపుతుంది. ఇంకొక సంగతి. ఈ సీమలో నీళ్ళు కావలెనన్నా, దారి అడుగవలెనన్నా, మన భాషలోనే అడుగుటకు వీలున్న ఊళ్ళు అనేకం కలవు. మదురై నాయక రాజుల కాలంలోను, అంతకు ముందును వచ్చి స్థిరపడిన కమ్మవారు, రెడ్లు, రాజులు, కంబళత్తు నాయకులు, అరుంధతియర్లు ఈనాటికీ ఇళ్ళలో తెలుగే మాట్లాడుతారు. చదువు మాత్రం తమిళంలోనే. కనుక తెలుగు అక్షరం చూపితే చదువలేరు, తెలుగు మాట వింటే ముఖం విప్పారుతుంది. రెండు భాషల నడుమ బ్రతుకుతున్న సరిహద్దు కుటుంబాలకు ఈ స్థితిని వేరుగా వివరింపనక్కరలేదు.

దారులను గురించి చెప్పుకొనే ముందు నేల వాలును, గాలి తీరును తెలిసికొనవలెను. కోవిల్‌పట్టి, విరుదునగర్ రెండును సముద్రమట్టానికి ఇంచుమించు 100 మీటర్ల ఎత్తున ఉన్నవి. పడమరకు పోను పోను నేల మెల్లగా పైకి లేస్తుంది. ఆ ఎక్కుడు కంటికి తెలియదు, తొడలకు మాత్రమే తెలుస్తుంది. రాజపాళయం, శ్రీవిల్లిపుత్తూరు చేరేసరికి ఎదుట పడమటి కనుమలు గోడ కట్టినట్లు ఒక్కసారిగా లేచి నిలుస్తవి. వైపారు మొదలైన ఏరులు ఆ కనుమలలో పుట్టి తూర్పునకు పారి మన్నారు సింధుశాఖలో కలుస్తవి. అంటే గేర్లు లేని మామూలు సైకిలు కూడ ఈ సీమలో కొండల పాదం దాకా పోగలదు. నీలగిరి ఘాటు రోడ్ల వంటి శ్రమ ఇక్కడ లేదు.

వాలుకంటె బలమైనది గాలి. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనాలు కేరళలో వాన కురిపించి, కనుమల నడుమనున్న సెంగోట్టై, అరల్వాయ్‌మొళి సందుల గుండా ఇటు వైపు ఎండుగాలిగా దూకుతవి. వాన అంతా కొండల ఆవలనే పోవును, ఇటు మిగిలేది గాలి మాత్రమే. కయత్తారు చుట్టుపట్ల గాలిమరలు బారులు తీరి ఉండుటకు కారణం ఇదే. ఆషాఢంలో, అనగా తమిళుల ఆడి మాసంలో, పడమరకు ముఖం పెట్టి సైకిలు తొక్కినవారికి ఈ గాలి సంగతి జన్మలో మరువరాదు. తెల్లవారుజామున గాలి కొంత తగ్గి ఉంటుంది. ఎండ ఎక్కిన కొద్దీ అదీ పుంజుకొంటుంది. కనుక ఆ నెలలలో సూత్రం ఒక్కటే: చీకటి విడువగానే పడమరకు బయలుదేరి, ఎండ వేళకు గాలిని వీపున మోపుకొని తూర్పునకు తిరిగి రావలెను. పటం చూసి దూరం లెక్కపెట్టేవారు ఈ ఒక్క విషయంలోనే పొరబడుతారు. ఎదురుగాలిలో 20 కిలోమీటర్లు, వీపు గాలిలో 20 కిలోమీటర్లు ఒకటి కావు.

అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనం. ఈ సీమకు అసలు వాన అప్పుడే. తారు రోడ్డు మీద ఉన్నంత వరకు ఇబ్బంది లేదు. చెరువుకట్ట దారిలోనో, పొలం బాటలోనో దిగినచో రేగడి మన్ను చక్రానికి ముద్దలుగా అంటుకొని, మడ్‌గార్డులో ఇరుక్కొని, రెండు వందల గజాలు పోకముందే సైకిలు నిలిచిపోవును. అప్పుడు సైకిలు మనలను మోయదు, మనమే దానిని మోయవలెను. రాయలసీమ రేగడి నేలలు ఎరిగినవారికి ఇది కొత్త కాదు. కుటుంబంతో పోవుటకు అనుకూలమైన కాలం డిసెంబరు చివరి నుండి ఫిబ్రవరి వరకు. అప్పుడు జొన్న, సజ్జ, మినుము, ప్రత్తి చేలు కూడ కంటికి నిండుగా ఉంటవి. మార్చి తరువాత ఎండ పిల్లలకు తగదు.

ఇక దారులు. మొదటిది, ఉన్నవాటిలో ఉత్తమమైనది, కోవిల్‌పట్టి నుండి పడమరగా కళుగుమలై. దూరం 20 కిలోమీటర్లకు కొద్దిగా ఎక్కువ. ఊరు దాటగానే రెండు వైపులా రేగడి పొలాలు పరచుకొని, నడుమ రోడ్డు పాపిటవలె సాగుతుంది. నీడ తక్కువ. చాలాసేపటికి దూరాన ఒక రాతి కొండ కనిపిస్తుంది. అదే కళుగుమలై. కొండ మీద వెట్టువన్ కోవిల్ ఉన్నది. క్రీ.శ. 8వ శతాబ్దంలో పాండ్యుల కాలంలో ఒకే రాతిని పైనుండి కిందికి తొలిచి మలచిన ఆలయమిది. ఎల్లోరా కైలాసాలయం వలెనే శిఖరం నుండి మొదలుపెట్టి చెక్కుతూ వచ్చినారు. కాని ఇక్కడ అడుగు భాగం పూర్తి కాలేదు. ఎక్కడ ఉలి ఆగినదో కంటితో చూడవచ్చును. పిల్లలకు శిల్పవిద్యను గురించి పుస్తకంలో పది పుటలు చదివించుటకంటె ఈ ఆగిపోయిన అంచును ఒకసారి చూపించుట మేలు. మృదంగం వాయిస్తున్న దక్షిణామూర్తి విగ్రహం ఇక్కడి విశేషం. ఆ పక్కనే బండ మీద జైన తీర్థంకరుల శిల్పాలు వరుసలు వరుసలుగా ఉన్నవి, వాటి కింద వట్టెళుత్తు లిపిలో శాసనాలు. కొండ పాదాన మురుగన్ గుహాలయం. ఆ స్వామి మీద కావడిచిందు పాటలు రచించిన అణ్ణామలై రెడ్డియార్ ఇక్కడికి దగ్గరి చెన్నికుళం వారు. 1865లో పుట్టి 1891లో, చిన్న వయస్సుననే గతించినారు. బండ ఎక్కుటకు పాదరక్షలు విడువవలసి వచ్చును గనుక, ఎండ ముదరక ముందే, అనగా ఉదయం తొమ్మిది లోపల కొండ చూసి దిగుట మంచిది.

రెండవ దారి తూర్పునకు, ఎట్టయపురం. కోవిల్‌పట్టికి సుమారు 15 కిలోమీటర్లు. ఈ దారి చాలా మందిని మోసగిస్తుంది. జూన్, జూలైలలో పోయేటప్పుడు పడమటి గాలి వెనుక నుండి నెట్టుతుంటే అరగంట దాటగానే చేరినట్లుంటుంది, 'ఇంతేనా' అనిపిస్తుంది. మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో ఆ గాలియే ఎదురై, చిన్నపిల్లలు కన్నీళ్ళు పెట్టుకొనే స్థితి వచ్చును. గాలి నెలలలో వెళ్ళదలచినవారు ముందుగా బస్సులోనో, టెంపోలోనో సైకిళ్ళు వేసికొని తెల్లవారకముందే ఎట్టయపురం చేరి, ఊరు చూసికొని, గాలి లేవకముందే కోవిల్‌పట్టి దారి పట్టవలెను. లేదా ఆ దారిని జనవరికి ఉంచుకొనవలెను.

ఎట్టయపురం అనగానే సుబ్రహ్మణ్య భారతి పేరు అందరికీ గుర్తు వచ్చును. ఆయన 1882లో పుట్టిన ఇల్లు స్మారకంగా ఉన్నది, 1947లో ప్రారంభమైన మణిమండపమూ ఉన్నది. తెలుగువారు అంతటితో వెనుదిరుగరాదు. ఆ సంస్థానాధీశులు తెలుగు మూలంవారు. సంగీత త్రిమూర్తులలో ఒకరైన ముత్తుస్వామి దీక్షితులు 1835లో కన్నుమూసినది ఈ ఊరిలోనే, ఆయన సమాధియు ఇక్కడనే. ఆయన సంప్రదాయాన్ని కాపాడిన సుబ్బరామ దీక్షితులు రచించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అనే మహాగ్రంథం 1904లో ఇక్కడనే అచ్చయినది. తెలుగులో అచ్చయినది. రేగడి పొలాల నడుమనున్న ఒక చిన్న ఊరిలో, తమిళ సీమ నడిబొడ్డున, తెలుగు అక్షరాలు పేర్చి స్వరాలు గుర్తులతో సహా అంత పెద్ద పుస్తకం అచ్చొత్తినారంటే ఆ శ్రమను ఊహించుకొనవలెను. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాలలో కనబడదు.

మూడవది దక్షిణాన ఇడైసెవల్. పది కిలోమీటర్ల లోపు. దూరం తక్కువే గాని జాగ్రత్త ఎక్కువ కావలసిన దారి ఇది. మదురై, తిరునెల్వేలి నడుమనున్న నాలుగు వరుసల జాతీయ రహదారి 44 దాని పక్కనే పోవుచున్నది. ఈ రహదారి మీద పిల్లలతో సైకిలు తొక్కరాదు. ఇది సలహా కాదు, నియమంగా పెట్టుకొనవలసిన మాట. లారీ పక్కనుండి దూసుకుపోయినప్పుడు దాని గాలికి తేలికపాటి సైకిలు ముందు పక్కకు తూలి, మరుక్షణం లోపలికి లాగబడుతుంది. అనుభవం లేని చేతులు హ్యాండిలును అప్పుడే తిప్పుతవి. రహదారికి ఆనుకొని సర్వీసు రోడ్డు ఉన్నంత మేర దాని మీదనే పోవలెను. దాటవలసి వచ్చినచోట వంతెన కింది దారిని వెదకవలెను. మధ్య గట్టు సందులో నుండి సైకిలు ఎత్తి అవతల పెట్టుట ఆ ఊళ్ళవారు చేసే పనియే అయినను అనుకరించదగినది కాదు.

అంత శ్రమపడి ఇడైసెవల్ ఎందుకనగా, కి.రా.గా ప్రసిద్ధులైన కి. రాజనారాయణన్ పుట్టిన ఊరది. 1923లో పుట్టి, 2021లో పుదుచ్చేరిలో మరణించినారు. అంత్యక్రియలు ఈ ఊరిలోనే ప్రభుత్వ లాంఛనాలతో జరిగినవి. ఆయన ఇంటి భాష తెలుగు, వ్రాసినది తమిళం. తెలుగు నేల విడిచి దక్షిణానికి వలస వచ్చి అడవి కొట్టి ఊరు కట్టుకొన్న కుటుంబాల కథయే ఆయన 'గోపల్ల గ్రామం' నవల. దాని కొనసాగింపుగా వచ్చిన నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించినది. కరిసల్ సీమ తమిళ మాటలకు నిఘంటువు కూర్చినదియు ఈయనయే. ఇంట తెలుగు పలికిన మనిషి, ఊరి తమిళానికి నిఘంటువు కట్టినాడు! రెండు భాషలు వచ్చుట లోపమని పిల్లలను నమ్మించేవారు ఈ ఊరి దాకా ఒకసారి సైకిలు తొక్కుట ఆరోగ్యకరం.

దారి తిండికి కోవిల్‌పట్టిలో వెదకవలసిన పని లేదు. ఇక్కడి కడలై మిఠాయి, అనగా మన వేరుశెనగ చిక్కీ, 2020లో భౌగోళిక గుర్తింపు పొందినది. వేరుశెనగ పప్పు, బెల్లం పాకం, అంతే. సైకిలు తొక్కేవారికి ఇంతకంటె తగిన ఆహారం లేదు. బెల్లం వెంటనే బలమిస్తుంది, పప్పు చాలాసేపు నిలుపుతుంది, ఎండకు పాడు కాదు. వేసవి మొదట్లో తాటి ముంజెలు, దారి పక్కన సజ్జ అంబలి, మజ్జిగ దొరుకుతవి. నీరు మాత్రం మనిషికి రెండు లీటర్లు వెంట ఉండవలెను, ఊరు కనిపించిన ప్రతిచోట నింపుకొనవలెను.

ఇక విరుదునగర్ వైపు. ఇక్కడి నుండి శివకాశి మీదుగా శ్రీవిల్లిపుత్తూరు, రాజపాళయం సుమారు 55 నుండి 60 కిలోమీటర్లు. మొత్తం సైకిలు మీదనే పోవలెననే పట్టుదల అనవసరం. శివకాశి చుట్టుపట్ల సరకు లారీల రద్దీ ఎక్కువ. బాణసంచా కర్మాగారాల దగ్గర ఆగి పొయ్యి వెలిగించుట, చుట్ట కాల్చుట ప్రాణాంతకం. పేలుడు జరిగినదన్న వార్త రాని ఏడాది ఆ ప్రాంతంలో లేదు. విరుదునగర్ నుండి తెన్‌కాశి పోయే రైలు మార్గం ఈ ఊళ్ళన్నింటినీ తాకుతూ పోవును గనుక, శ్రీవిల్లిపుత్తూరు దాకా రైలులో పోయి అక్కడ సైకిలు ఎక్కుటయే వివేకం. సైకిలును పార్సిలు కార్యాలయంలో సామానుగా బుక్ చేసి బ్రేకు వ్యానులో ఎక్కించవలెను. దిగే స్టేషనులో పార్సిలు దింపుకొనే వీలున్నదా, రైలు ఎంతసేపు ఆగును అని ముందుగానే అడిగి తెలిసికొనవలెను. ఇది మరచి, తాము దిగి సైకిళ్ళను తరువాతి ఊరికి పంపినవారు కలరు.

శ్రీవిల్లిపుత్తూరులో ఆండాళ్ ఆలయ గోపురం 192 అడుగుల ఎత్తు. పొలాల మధ్య నుండి సైకిలు మీద వచ్చేవారికి ఊరికంటె ముందుగా అదే కనిపిస్తుంది. కృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద'లో కథగా చెప్పినది ఈ ఊరి గోదాదేవి చరిత్రయే గనుక తెలుగువారికి ఇది పరాయి ఊరు కాదు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన పాలకోవా ఇక్కడిది. అక్కడి నుండి రాజపాళయం పన్నెండు కిలోమీటర్ల పైచిలుకు. రాజులు స్థిరపడిన ఊరు, వేటకుక్కలకు ప్రసిద్ధి. 1949 నుండి 1952 వరకు మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరివారే. సంజీవి పర్వతం తెచ్చేటప్పుడు హనుమంతుని చేతి నుండి రాలిన ముక్క అని చెప్పుకొనే కొండ ఊరిలోనే ఉన్నది.

ఈ రెండు ఊళ్ళ నుండి పడమరకు చీలే చిన్న రోడ్లే ఈ ప్రయాణానికి ప్రాణం. శ్రీవిల్లిపుత్తూరు నుండి షెణ్బగత్తోప్పు, రాజపాళయం నుండి అయ్యనార్ కోవిల్, ఉత్తరాన వత్తిరాయిరుప్పు మీదుగా పిలవక్కల్ జలాశయాలు. అంతవరకు ముఖాన కొట్టిన నల్లనేల వేడి ఇక్కడ తగ్గి, కొబ్బరి తోటలు, మామిడి తోటలు రోడ్డు మీద నీడ పరుస్తవి. కొండ ఎదురుగా పెరుగుతూ వచ్చును. రోడ్డు వాలు కూడ ఇక్కడనే మొదటిసారి స్పష్టంగా తెలుస్తుంది. చివరి మైలు దిగి నడిపించుకుపోవుట సిగ్గుపడవలసినది కాదు.

రోడ్డు ముగిసేచోట అడవి మొదలగును. 1988లో బూడిదరంగు పెద్ద ఉడుతల రక్షణకై ఏర్పడిన అభయారణ్యం ఇది. 2021 ఫిబ్రవరిలో మేగమలైతో కలిపి పులుల అభయారణ్యంగా ప్రకటించినారు. మొత్తం వైశాల్యం సుమారు 1,016 చదరపు కిలోమీటర్లు. ఏనుగులు తిరిగే చోటు. కనుక అటవీశాఖ తనిఖీ గేటు దగ్గర సైకిలు ఆపవలెను, అనుమతించిన వేళలోనే, అనుమతించినంత దూరమే పోవలెను. సాయంకాలం నాలుగు దాటిన తరువాత అడవి అంచున ఉండరాదు. వాగులను నమ్మరాదు. పైన కొండలో వాన పడితే కింద ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడే నీరు విరుచుకుపడును. 2015 మే నెలలో సతురగిరి యాత్రికులలో కొందరు అట్టి ఆకస్మిక వరదలో కొట్టుకుపోయి మరణించినారు. 2025లో పిలవక్కల్ దగ్గరి కూమాపట్టి అనే ఊరు వీడియోల వలన ఒక్కసారిగా ప్రసిద్ధి పొంది జనం విరగబడినారు. వీడియో చూసి బయలుదేరుటకంటె జలాశయం ప్రవేశ నియమాలను కనుక్కొని బయలుదేరుట ఉత్తమం.

వెంట తీసికొనిపోవలసిన సామాను ఎక్కువ లేదు. గాలి పంపు, ఒక అదనపు ట్యూబు, పంక్చరు అతికే సరంజామా, స్పానరు. ఈ సీమలో రోడ్డు పక్కల నిండా సర్కారు తుమ్మయే గనుక ముల్లు గుచ్చుకొనుట తప్పదు. ముల్లు కనిపించగానే పీకివేయరాదు. పీకినచో గాలి ఒక్కసారిగా పోవును. ఊరు దగ్గరలో ఉన్నచో అట్లే మెల్లగా పోయి దుకాణం చేరవచ్చును. ట్యూబు మార్చేటప్పుడు టైరు లోపలి వైపు వ్రేళ్ళతో నెమ్మదిగా తడిమి చూడవలెను. విరిగిన ముల్లు మొన అందులోనే మిగిలినచో కొత్త ట్యూబు కూడ పది నిమిషాలలో పోవును. ఈ ఒక్క పని చేయక రెండు ట్యూబులు పోగొట్టుకొని బస్సు ఎక్కినవారు ఎందరో.

తల్లులను ఇంట ఉంచి తండ్రి, కొడుకులు మాత్రమే పోవలసిన ప్రయాణం కాదిది. విరుదునగర్‌కు ఈశాన్యాన ఉన్న పుదుక్కోట్టై జిల్లాలో 1990 దశకం మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకొన్నారు. వారిలో పొలం కూలీలు, రాతి క్వారీలలో పనిచేసేవారు, అంగన్‌వాడీ ఉద్యోగినులు ఉన్నారు. బస్సు కొరకు ఎదురుచూడకుండ నీటికి, సంతకు, పిల్లల బడికి తామే పోగలిగినారు. కొందరు ఆడవారి సైకిలు దొరకనిచోట మగవారి సైకిలునే ఎంచుకొన్నారు, ముందు కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకొనుటకు అదే వీలని. ఇప్పుడు నలభై, యాభై ఏండ్ల వయస్సున ఉన్న తల్లులు వారము దినములు ఊరి మైదానంలో సాయంకాలాలు సాధన చేసినచో ఇడైసెవల్ దూరం కష్టం కాదు.

మొదటిసారి పోయేవారు కళుగుమలైతో మొదలుపెట్టవలెను. తెల్లవారుజామున ఐదున్నరకు కోవిల్‌పట్టి విడిచినచో, పిల్లల వేగంతో కూడ ఎనిమిది లోపల కొండ పాదం చేరవచ్చును. తిరుగు దారిలో ఎడమ పక్కనున్న ఏదైనా చిన్న ఊరిలో ఆగి, వేపచెట్టు కింది అరుగు మీద కూర్చున్న వృద్ధులను తెలుగులో మంచినీళ్ళు అడిగి చూడవలెను. ఏ ఊరు, ఎవరింటివారు, ఎన్ని తరాల క్రిందట వచ్చినారు అని వారు తిరిగి అడుగుతారు. దానికి జవాబు చెప్పేసరికి ఎండ ఎక్కును. కనుక ఆ ఆలస్యాన్ని కూడ కలుపుకొని బయలుదేరే వేళను నిర్ణయించుకొనవలెను.